పదేళ్ల కాయితం

మా నాయనమ్మ బతికున్నన్నాళ్లూ రేకుపెట్టె తలాపున పెట్టుకునే పడుకునేది. అందులో తాతకి గవర్నమెంటిచ్చిన డి-పట్టా ఉండేది. ఎకరం బంజరు. "గుంటడా, కాయితం పోతే బూమి ఎలిపోతాదిరా" అనేది. నిజానికి భూమి ముందే ఎలిపోయింది, అప్పు కింద ఊరి ఆసామి చేతిలోకి. కాయితం తర్వాత చెదపట్టి పోయింది.

అలాంటి బదలాయింపు చెల్లదని 1977 అసైన్డు భూముల చట్టం చెప్పింది. భూమిని తిరిగి పేదవాడికే ఇప్పించొచ్చంది. కానీ అది తాతకిచ్చిన భూమేనని రుజువు కావాలి. టీచరునయ్యాక, సమాచార హక్కు చట్టం కింద ఆ పట్టా ఫైలు అడిగాను. "లభ్యం కాలేదు" అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

ఓ గుమస్తా చెప్పాడు: "మేస్టారూ, ఫైలు మూసినరోజే దాని ఆయుష్షు రాసేస్తారు." ఆర్.డిస్. అంటే శాశ్వతం. డి.డిస్. అంటే పదేళ్లు. ఎల్.డిస్. అంటే ఇంకా తక్కువ. నంబరు ముందు ఒక్క అక్షరం. ఆ అక్షరం రాసే కుర్చీలో మా మాలవీధి మనిషి ఎన్నడూ కూర్చోలేదు.

అప్పట్లో ఊరి లెక్కలు కరణం ఇంట్లో ఉండేవి. అడంగల్లో ఏముందో తెలుసుకోడానికి తాత ఆ అరుగు కింద చేతులు కట్టుకు నిలబడ్డాడు. 1979లో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లోంచి విజయనగరం జిల్లా వచ్చింది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణాల్ని తీసేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. ప్రతిసారీ దస్త్రాల పంపకాలే. కరణం అరుగు పోయిందని సంబరపడ్డాం గానీ, ఏ కట్ట చేరింది, ఏది చేరలేదని అడగాలని మాకు తోచలేదు.

బడిలో నా బీరువాలో అడ్మిషన్ రిజిస్టరుంది. అది శాశ్వత రికార్డు. పిల్లల పుట్టినతేదీకీ, కులానికీ అదీ ఓ ఆధారం. తాత పేరు అలాంటి పుస్తకంలో లేదు, బడిలోకి రానిస్తే గదా! నాకు తెలిసి గవర్నమెంటు ఆయన పేర భూమి రాసిన కాయితం ఆ ఫైలొక్కటే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, "లేదు" అన్నారని వెనక్కి రాకండి. ఏ నంబరు ఫైలు, ఏ డిస్పోజలు, ఎవరి ఉత్తర్వుతో ఏ రోజు తీసేశారని రాతపూర్వకంగా అడగండి. రికార్డులకి సూచిక ఉండాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను చెబుతోంది. ఆ సూచిక చూపమనండి. నేను రెండో దరఖాస్తు పెట్టాను. దాని నకలు నాయనమ్మ పెట్టెలో దాచాను.