సొసైటీ ప్రెసిడెంటు ఏ పార్టీ?

ముండ్లమూరు మండలంలో ఏ ఊళ్ళోనైనా "సొసైటీ ప్రెసిడెంటు ఎవరు?" అని అడిగి చూడండి. ముందు పార్టీ చెబుతారు. పేరు ఆ తర్వాత, ఒక్కోసారి కాస్త గుర్తు చేసుకుని. సొసైటీ అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం. పంట అప్పు, యూరియా కట్టలు, అప్పుడప్పుడూ విత్తనాలు. కాగితం మీద అది సభ్యులదే. వాటా ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు. ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. అయినా మర్నాడు పేపర్లలో ఏ పార్టీకి ఎన్ని సొసైటీలు వచ్చాయో లెక్కలు వస్తాయి, ఎవరూ ఆశ్చర్యపోరు.

డాలస్‌లో ఉండే మా బాబాయి కొడుక్కి బ్యాంకు ఖాతా లేదు, క్రెడిట్ యూనియన్‌లో ఉంది. "మన సొసైటీ లాంటిదే అన్నా" అంటాడు. ఒకసారి వాడికి అక్కణ్ణుంచి మెయిల్ వచ్చింది: మా పన్ను మినహాయింపు తీసెయ్యొద్దని మీ కాంగ్రెస్ సభ్యుడికి రాయండి అని. నాకు వింతగా అనిపించింది. మా వైపు రాజకీయాలు సొసైటీలోకి వస్తాయి. సొసైటీ రాజకీయాల్లోకి వెళ్ళి "మాకు ఇది కావాలి" అని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఎందుకలా అని చదవడం మొదలుపెడితే తేలిందేమిటంటే, ఈ రెండూ దాయాదులు.

మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో వ్యవసాయ బ్యాంకుల మీద రెండు సంపుటాల నివేదిక రాశాడు. జర్మనీలో రైఫైసెన్ పెట్టిన గ్రామ పరపతి సంఘాలే ఇక్కడి రైతుకీ దారి అన్నాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 1907లో బోస్టన్ నుంచి ఎడ్వర్డ్ ఫైలీన్ అనే పెద్ద దుకాణదారుడు ఇండియా వచ్చాడు. బెంగాల్లో సహకార సంఘాల రిజిస్ట్రారుగా ఉన్న గోర్లే ఆయనకి ఊళ్ళలో ఈ సంఘాలు చూపించాడు. వెనక్కి వెళ్ళాక ఫైలీన్ తన డబ్బూ పలుకుబడీ పెట్టి అమెరికాలో క్రెడిట్ యూనియన్ల ఉద్యమాన్ని నిలబెట్టాడు. 1934లో రూజ్‌వెల్ట్ సంతకంతో అక్కడ ఫెడరల్ చట్టం వచ్చింది. అంటే డాలస్ ఖాతాకి మన ఊళ్ళ వాసన కొంచెం ఉంది.

అక్కడ వాళ్ళు రాజకీయం చేసే తీరు దాపరికం లేనిది. సంస్థ సొమ్ము అభ్యర్థులకి ఇవ్వకూడదు. మనుషులు ఇష్టపడి ఇచ్చిన చందాలు వేరే నిధిలో వేసి అందులోంచి ఇవ్వాలి, అదీ ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకి 5,000 డాలర్ల లోపు, ప్రతి పైసా బయటికి చెప్పి. రెండు పార్టీలకీ ఇస్తారు. 1998 ఫిబ్రవరిలో బ్యాంకులు వేసిన కేసులో వీళ్ళు సుప్రీంకోర్టులో ఓడిపోయారు. సంబంధం లేని కంపెనీల ఉద్యోగుల్ని ఒకే యూనియన్లో చేర్చుకోకూడదని తీర్పు. ఆ ఆగస్టు 7న క్లింటన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు, తీర్పు మారిపోయింది. ఆర్నెల్ల లోపే! సభ్యుల ఉత్తరాలూ ఫోన్లూ ఆ పని చేయించాయి. దీన్ని నేను ఆదర్శమని అనను. చందాలిచ్చి చట్టాలు తెచ్చుకోవడం బ్యాంకులూ చేస్తాయి, ఇంకా ఎక్కువ చేస్తాయి. పైగా మా తమ్ముడు వాళ్ళ యూనియన్ బోర్డు ఎన్నికల్లో ఒక్కసారీ ఓటెయ్యలేదు. కానీ అడిగేది ఎవరో, ఎవరి కోసమో అక్కడ తెలుస్తుంది.

మన దగ్గర 1904 చట్టంతోపాటే రిజిస్ట్రారు వచ్చాడు. సంఘం పుట్టాలన్నా చావాలన్నా ఆయన సంతకమే. దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలో వెంకటగిరి జమీందారీ కింద ఉండేవి. రైతు గొంతు వినిపించింది సహకార సంఘాల్లోంచి కాదు, ఎన్.జి. రంగా లాంటి వాళ్ళ రైతు సంఘాల్లోంచి. 1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం వెనక ఆ ఒత్తిడి ఉంది. వేమవరపు రామదాసు పంతులు గారు మద్రాస్ ప్రావిన్షియల్ కోఆపరేటివ్ బ్యాంకుకి అధ్యక్షులు, కాంగ్రెస్ తరఫున కౌన్సిల్ ఆఫ్ స్టేట్ సభ్యులు కూడా. సహకార రంగం కోసం చట్టసభలో మాట్లాడగలిగిన అలాంటివాళ్ళు కొద్దిమందే.

అసలు మలుపు 1954. గోర్వాలా కమిటీ గ్రామీణ రుణ సర్వే నివేదిక వచ్చింది. రైతు చేసే అప్పులో సహకార సంఘాలు ఇస్తున్నది 3.1 శాతమేనట. ఇలా అయితే లాభం లేదు, ప్రభుత్వమే వాటాదారుగా చేరాలి అన్నారు. ఉద్దేశం మంచిదే, డబ్బూ వచ్చింది. డబ్బు పెట్టినవాడు ఊరుకుంటాడా? ఆంధ్రప్రదేశ్ 1964 చట్టం కింద పాలకవర్గాన్ని రద్దు చెయ్యొచ్చు, ఎన్నికలు వాయిదా వెయ్యొచ్చు, మనిషిని కూర్చోబెట్టొచ్చు. 1987లో ఎన్టీఆర్ ప్రభుత్వం సింగిల్ విండో తెచ్చి అప్పులన్నీ ఒకే గుమ్మం దగ్గరికి చేర్చింది. రైతుకి తిరుగుడు తగ్గింది. ఆ గుమ్మం పట్టుకున్నవాడికి విలువా పెరిగింది.

సభ్యులేమనుకున్నారో మా తాత మాటల్లోంచి నాకు తెలుసు. అప్పిచ్చేటప్పుడే అందులోంచి కొంత పట్టుకుని వాటాధనం కింద రాసుకునేవాళ్ళు. ఆయన దాన్ని ఎప్పుడూ వాటా అనలేదు. "కోత" అనేవాడు. "ఐదొందలు కోత పెట్టార్రా" అని. తను ఆ సంస్థకి యజమానుల్లో ఒకణ్ణన్న సంగతి ఆయన బుర్రకి ఎక్కలేదు. ఎక్కేలా ఎవరూ చెప్పనూ లేదు.

సహకార సంఘం పార్టీలకి చందా ఇవ్వకూడదు. బహుళ రాష్ట్ర సంఘాల 2002 చట్టంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. ఇవ్వాల్సిన అవసరం ఎక్కడొచ్చింది? ఎన్నికల ఖర్చు అప్పు పద్దులోనే పెట్టేశారు కదా. 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం పదివేల దాకా మాఫీ. 2008లో కేంద్రం మరోసారి. 2014లో విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర హామీ. వానలు లేని దర్శి వైపు రైతుకి ఆ ఊరట ఎంత నిజమో నాకు తెలుసు, దాన్ని ఎగతాళి చెయ్యను. కానీ గడువుకి కట్టినవాడు ప్రతిసారీ వెర్రివాడయ్యాడు. సొసైటీ తన సభ్యుణ్ణి బాకీ అడిగే ధైర్యం పోగొట్టుకుంది.

ఆడవాళ్ళ పొదుపు సంఘాల కథ ఇంతకంటే బాధ పెడుతుంది. 1990ల మొదట్లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. ముందు పోరాటం, తర్వాత పొదుపు. అమెరికా వాళ్ళు చందాలిచ్చి సాధించేది వీళ్ళు వీధిలో నిలబడి సాధించారు. పాతికేళ్ళు తిరిగేసరికి 2019 ఎన్నికల ముందు పసుపు-కుంకుమ పేరుతో మనిషికి పదివేలు, మూడు విడతల్లో. గెలిచిన రెండో పార్టీ ఆసరా పథకంలో ఏ తేదీ నాటికి ఉన్న బాకీ తీరుస్తామందో చూడండి: 2019 ఏప్రిల్ 11. అది పోలింగు రోజు. ఇంత నిజాయితీగా తేదీ రాసిన జీవో ఇంకోటి నేను చూడలేదు.

తెలుగు నేల మీద పరపతి సంఘాల తరఫున ఒక మంచి లాబీయింగ్ జరిగింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. హైదరాబాదులోని సహకార అభివృద్ధి సంస్థ, సీడీఎఫ్ అంటారు, 1980ల నుంచీ ఒకటే మాట మీద ఉంది. ప్రభుత్వ వాటా వద్దు, ప్రభుత్వ పెత్తనం వద్దు. అధికారుల చుట్టూ, శాసనసభ్యుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ఈ చట్టం కింద చేరిన సంఘం ప్రభుత్వ వాటాధనం తీసుకోదు, పాలకవర్గాన్ని ప్రభుత్వం నియమించలేదు. తర్వాత బీహార్, మధ్యప్రదేశ్, కర్ణాటక లాంటి రాష్ట్రాలు ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. ఈ స్వేచ్ఛని అడ్డం పెట్టుకుని డిపాజిట్లు మింగేసినవాళ్ళూ ఉన్నారు, అదీ చెప్పాలి. 2006లో రాష్ట్రం పాల సంఘాల్ని ఈ చట్టంలోంచి తప్పించబోతే వాళ్ళు కోర్టుకెళ్ళి, 2011లో సుప్రీంకోర్టులో గెలిచారు. కానీ ముండ్లమూరు రైతు సొసైటీ ఆ గొడుగు కిందికి రాలేదు. అది ఇంకా 1964 చట్టంలోనే ఉంది.

ఆ సొసైటీలకి 2013 మొదట్లో ఎన్నికలు జరిగాయి. 2018లో గడువు తీరిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రభుత్వం వేసిన కమిటీలే నడిపాయి, ప్రభుత్వం మారితే కమిటీలూ మారాయి. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో ఓట్లు పడ్డాయి, ఇక్కడ పడలేదు. సహకార ఎన్నికల్ని గడువులోపు జరపాలని 97వ రాజ్యాంగ సవరణ చెప్పింది, 2012లో అమల్లోకీ వచ్చింది. సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదని, రాష్ట్రాల సంఘాల వరకూ అది చెల్లదని 2021 జులై 20న సుప్రీంకోర్టు తేల్చింది. దానికి రెండు వారాల ముందే ఢిల్లీలో సహకార మంత్రిత్వ శాఖ పుట్టింది. 2022లో దేశంలోని సొసైటీలన్నిటినీ కంప్యూటరీకరించే పథకం మొదలైంది.

2013లో ఓటేసినవాళ్ళలో మా తాత ఒకడు, ఇప్పుడు లేడు. ఆయన కోత మాత్రం రిజిస్టర్లోంచి కంప్యూటర్లోకి ఎక్కుతుంది.