ఏ మాయాబజారు? - చలనచిత్ర సూచికల కథ

‘మాయాబజారు’ కావలెనని గ్రంథాలయమునకు వచ్చిన వానికి ఏ చిత్రము నీయవలెను? 1936లో పి.వి. దాసు తీసినదా, 1957లో కె.వి. రెడ్డి తీసినదా, 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసినదా? 1957 నాటి దానికే తెలుగు, తమిళ రూపములు రెండున్నవి. తెలుగున అభిమన్యుడు అక్కినేని నాగేశ్వరరావు. తమిళమున జెమినీ గణేశన్. ఆ తెలుగు చిత్రమునకే రంగులద్ది 2010లో మరల విడుదల చేసినారు. 1936 నాటి దానికి ‘శశిరేఖా పరిణయము’ అను మరియొక పేరు కలదు. ఆ పేరుతో వెదకిన వానికి 2009 నాటి వేరొక చిత్రము చేతికి వచ్చును!

కోకాపేటలో కంప్యూటరు కొలువు చేయుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు ఒక సూచికలో ఇంగ్లీషు అక్షరములతో ‘బజార్’ అని కొట్టగా చిత్రము లేదని జవాబు వచ్చినదట. మరియొక ‘ఎ’ చేర్చగానే ప్రత్యక్షమైనదట. యంత్రమును తిట్టి లాభము లేదు. రెండును ఒకే పేరని దానికెవ్వరును చెప్పలేదు.

ఈ చిక్కు ఎచ్చటినుండి వచ్చినది? 1876లో అమెరికాలో ఛార్లెస్ కటర్ సూచికకు నియమములు వ్రాసినాడు. రచయిత, పేరు, విషయము - వీనిలో ఏది తెలిసినను పుస్తకము దొరకవలెనన్నాడు. పాఠకుని కాలము వృథా కారాదని మన రంగనాథన్ 1931లో మదరాసునుండి సూత్రీకరించినాడు. కాని ఇవి పుస్తకమును దృష్టిలో నుంచుకొని పుట్టిన ఆలోచనలు. పుస్తకమునకు రచయిత ఒకడుండును. చిత్రమునకు రచయిత ఎవరు? దర్శకుడా, నిర్మాతయా, మాటలు వ్రాసినవాడా? జనము వెదకునది తరచు నటుని పేరుతోనే గదా! పైగా పుస్తకమును తెరచి చూడవచ్చును. ఫిల్ము చుట్టను యంత్రమున కెక్కించిన గాని లోపల నేమున్నదో తెలియదు.

1998లో అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఒక మంచి దారి చూపినది. కృతి, దాని రూపము, ఆ రూపము వెలువడిన ప్రచురణ, చేతనున్న ప్రతి - ఈ నాలుగింటిని విడదీయవలెనన్నది. రంగుల మాయాబజారు అదే కృతికి వేరొక రూపము. దాని డిస్కు ఒక ప్రచురణ. మన బీరువాలోనిది ఒక ప్రతి. నటులు మారిన తమిళ చిత్రము సంగతి అంత తేలిక కాదు. దానిని వేరు కృతిగా వ్రాసి, తెలుగు చిత్రముతో ముడివేయుట మేలని నా అభిప్రాయము.

తేదీల సంగతి మరింత ముఖ్యము. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని చాలకాలము పుస్తకములన్నియు ఒకదానిని చూచి మరియొకటి వ్రాసినవి. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలను, సెన్సారు వివరములను వెదకి, సెన్సారైనది 1932 జనవరి 22న అనియు, బొంబాయిలో విడుదలైనది ఫిబ్రవరి 6న అనియు చూపినాడు. 1931 అని కొట్టి వెదకు విద్యార్థికి కూడ చిత్రము దొరకవలెను. అందుచేత పాత తేదీని చెరిపివేయక, అది పొరపాటని, సరియైన తేదీ ఏ ఆధారముతో తేలినదో ఆ పత్రముననే వ్రాసియుంచవలెను.