రాన్సమ్‌వేర్ నుంచి న్యాయవాద సంస్థల రక్షణ

కంప్యూటర్లలోకి చొరబడి, ఫైళ్లను తెరవడానికి వీల్లేకుండా చేసి, విడిపించడానికి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్ రాన్సమ్‌వేర్. నేరగాళ్లు ఈమధ్య తాళం వేయడానికి ముందే ఫైళ్ల నకళ్లు ఎత్తుకుపోయి, సొమ్ము ముట్టకపోతే బయటపెడతామని బెదిరిస్తున్నారు. కక్షిదారుల రహస్యాలను భద్రపరిచే న్యాయవాద సంస్థలకు ఈ రెండో బెదిరింపే ఎక్కువ ప్రమాదకరం. పోయిన ఫైలు బ్యాకప్ నుంచి తిరిగొస్తుంది. బయటపడ్డ వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకోలేం.

ఇంగ్లండ్‌లో ప్రధానంగా క్రిమినల్ కేసులు వాదించే టకర్స్ సొలిసిటర్స్ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2020 ఆగస్టు 24న బయటపడిన దాడిలో ఆ సంస్థవి 9,72,191 ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యాయి, అంటే చదవడానికి వీల్లేకుండా తాళం పడ్డాయి. బ్యాకప్‌లనూ దుండగులు వదల్లేదు. 60 కోర్టు కాగితాల కట్టలు ఇంటర్నెట్‌లో చీకటి మూల అయిన డార్క్ వెబ్‌కు చేరాయి. వాటిలో వైద్య వివరాలు, సాక్షుల వాంగ్మూలాలు, సాక్షుల, బాధితుల పేర్లు, చిరునామాలు ఉన్నాయి. వకీలును నమ్మి చెప్పుకున్నవారికి, సాక్ష్యమిచ్చినవారికి జరిగిన ఈ నష్టాన్ని పూడ్చే మార్గం లేదు.

బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ప్రధాన తప్పు నేరగాళ్లదేనంటూనే, 2022లో టకర్స్‌కు 98,000 పౌండ్ల జరిమానా వేసింది. అది ఎత్తిచూపిన లోపాలేవీ అంతుచిక్కనివి కావు. బయటినుంచి లాగిన్ అయ్యేవారికి పాస్‌వర్డ్‌తోపాటు రెండో ధ్రువీకరణ లేదు. సిట్రిక్స్ సాఫ్ట్‌వేర్ లోపానికి 2020 జనవరిలో వచ్చిన సవరణ (ప్యాచ్)ను జూన్‌లో గానీ వేయలేదు. దొంగిలించినవారు చదవలేకుండా పాత కేసుల నిల్వను సంస్థ తనంతట తాను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచలేదు. గడువు తీరిన కాగితాలనూ తొలగించలేదు. చివరిది చాలామంది పట్టించుకోనిది, కానీ కీలకమైనది: అట్టిపెట్టని ఫైలును ఎవరూ దొంగిలించలేరు.

బ్యాకప్‌ల అవసరం దీనివల్ల తగ్గదు. కనీసం ఒక ప్రతి నెట్‌వర్క్‌కు అందకుండా విడిగా ఉండాలి, దాన్నుంచి ఫైళ్లు నిజంగా తిరిగొస్తున్నాయో లేదో అప్పుడప్పుడూ పరీక్షించాలి. ఒకచోట చొరబడ్డది అంతటా పాకకుండా శాఖల నెట్‌వర్క్‌లను వేరుచేయడమూ ముఖ్యమే. 2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో మొదలైన నాట్‌పెట్యా దాడికి అంతర్జాతీయ న్యాయ సంస్థ డీఎల్‌ఏ పైపర్ ఫోన్లు, ఈమెయిళ్లు పలు దేశాల్లో ఆగిపోయాయి. రాన్సమ్‌వేర్ ముసుగు వేసుకున్న ఆ ప్రోగ్రామ్ డేటాను ధ్వంసం చేయడానికే తయారైంది. డబ్బు కట్టినా ఫైళ్లు తిరిగొచ్చేవి కావు.

దాడి జరిగాక దాచిపెట్టడం కుదరదు. బ్రిటన్ చట్టం 72 గంటల్లోగా కమిషనర్‌కు తెలపమంటుంది. భారత్‌లో కంప్యూటర్ భద్రతా ఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సంఘటన తెలిసిన 6 గంటల్లోపే ఆ సంస్థకు సమాచారమివ్వాలి.