టోకెన్లమ్మి గోల్ఫ్ మైదానం కొన్నరు!

డావో అంటే ఇంటర్నెట్ల టోకెన్లు కొన్నోళ్లే ఓట్లేసి నడుపుకునే సంఘం. ఓనరుండడు. జమైన క్రిప్టో పైసలు ఎటు పోతున్నయో బ్లాక్‌చెయిన్ మీద అందరికీ కనవడ్తది, గది మెచ్చాల్సిందే.

2022 జనవరిల లింక్స్‌డావో అనేటోళ్లు 9 వేలకు పైగా ఎన్‌ఎఫ్‌టీ మెంబర్షిప్పులు అమ్మి కోటి డాలర్లకు పైనే కూడవెట్టిన్రు. 2023ల స్కాట్లాండ్‌ల స్పే బే గోల్ఫ్ మైదానం కొన్నరు. అయితే రిజిస్ట్రేషన్ ఆఫీసు కోడ్‌ను గుర్తువట్టదు. భూమికి, జీతాలకు, కరెంటు బిల్లుకు మామూలు కంపెనీయే కావాలె. అందుకే అమెరికాల వయోమింగ్ రాష్ట్రం డావోలను కంపెనీ లెక్క నమోదు చేసుకునేతందుకు 2021ల చట్టం తెచ్చింది.

నాకు నచ్చనిది ఓటు సంగతి. మన ముల్కనూరు సొసైటీ 1956 సంది నడుస్తున్నది. సహకార సంఘంల ఎకరమున్నోనికి, ఇరవై ఎకరాలున్నోనికి ఒక్కటే ఓటు. డావోలల్ల చాలామట్టుకు ఎన్ని టోకెన్లుంటే అన్ని ఓట్లు. వెయ్యి మంది చేరినా, టోకెన్లు ఎక్కువున్న పది మందే తేలుస్తరు. ఇగ దాన్ని జనం సొత్తు అని ఎట్లంటం?

ఊర్ల రైస్‌మిల్లు కొందామని ఎవడన్న టోకెన్లు అమ్మవస్తే, మిల్లు కాయితాలు ఎవరి పేరు మీద ఉంటయో ముందుగాల అడుగుండ్రి. మన దేశంల 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉన్నది. ఒక కాయిన్ల నష్టమొస్తే ఇంకో కాయిన్ లాభంల నుంచి తీసేసుకునుడు కుదరదు.