పట్టికకెక్కిన భూతకాలం

గో, వెంట్, గాన్. టేక్, టుక్, టేకెన్. నల్లగొండ, పాలమూరు బడుల్లో ఇంగ్లిష్ క్రియల పట్టిక అంటే వల్లెవేయాల్సిన పాఠం. ఈ రూపాలు ఏ నియమానికీ లొంగవు కాబట్టి బట్టీ తప్ప దారి లేదన్నది మన నమ్మకం. అది సగమే నిజం. వీటిని వందల ఏళ్లు బతికించింది నోటి వాడుక. మనకు మాత్రం అవి కాగితం మీద వచ్చాయి. కష్టమంతా అక్కడే ఉంది.

2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పాత ఇంగ్లిష్‌లోని 177 అక్రమ క్రియల జాడ తీసింది. మధ్యయుగానికి వాటిలో 145, నేటికి 98 మాత్రమే అక్రమంగా మిగిలాయి. తక్కినవి చివర 'ఎడ్' చేర్చుకునే గుంపులో కలిశాయి. 1611 నాటి బైబిల్ అనువాదంలో కనిపించే 'హోల్పెన్' పోయి 'హెల్ప్డ్' నిలిచింది. రోజూ నాలుక మీద ఆడే బి, హావ్, డూ, గో, సే మాత్రం చెక్కుచెదరలేదు. అరుదుగా వాడేది త్వరగా నియమానికి లొంగుతుంది, తరచూ వాడేది పాత రూపాన్నే నిలుపుకుంటుంది. 'వెంట్' కూడా నిజానికి 'వెండ్' అనే మరో క్రియది. 'గో' పాత భూతరూపం వాడుక తప్పాక ఆ చోటికి వచ్చింది.

మన తెలుగులోనూ ఇంతే. 'రా' అని పిలిస్తే మనిషి 'వచ్చిండు', 'తే' అంటే 'తెచ్చిండు'. చేసిండు, పోయిండు అన్న నోరే తిన్నడు, పడ్డడు అంటుంది. ఏ పిల్లా వీటిని పట్టిక చూసి నేర్వలేదు. ఇంగ్లిష్ దారి వేరు. 1918లో ఏర్పడ్డ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది, ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది. ఇక్కడి చదువరుల ఆరాటం తెలుగు కోసం: 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. ఇంట్లో తెలుగు, కచ్చేరీలో ఉర్దూ ఉండగా ఇంగ్లిష్‌కు మిగిలింది బడిపుస్తకమే. 1948 తర్వాత ఉస్మానియా ఇంగ్లిష్ మాధ్యమానికి మళ్లినా ఊళ్లలో జనం మాట్లాడే భాష మారలేదు. చెవిన పడని భాషకు పట్టికే దిక్కయింది.

తరతరాలుగా పట్టికతోనే నెగ్గుకొచ్చాం కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, పరీక్ష దాటించడంలో దానికి సాటి లేదు. కానీ పట్టిక రూపాన్ని గుర్తుంచుతుందే తప్ప నోటికి తేలేదు. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం మొదలైంది, ఇక చిక్కేముందన్నది మరో మాట. మాధ్యమం పుస్తకాన్ని మారుస్తుంది. తరగతిలో మాట వినబడకపోతే రూపాలు మళ్లీ కాగితం మీదే ఉంటాయి. ఈ చరిత్రంతా పిల్లలకు అదనపు బరువన్న అభ్యంతరమూ ఉంది. బరువు తగ్గించేదే ఈ చరిత్ర. సింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్ ఒకే తీరున మారతాయి. కీప్, స్లీప్, ఫీల్, మీట్ మరో తీరున. అక్షరక్రమం వదిలి ఇలా కుటుంబాలుగా, ఎక్కువ వాడేవి ముందుగా, నిన్న జరిగిన సంగతులు పిల్లలతో చెప్పిస్తూ నేర్పితే పట్టికకు ప్రాణం వస్తుంది. పాలమూరు పిల్లకు అక్రమ క్రియ కొత్త కాదు. ఆ పిల్లకు అందనిది వాడుక, దాన్ని అందించాల్సిన పూచీ బడిదే.