రూపం వేరు, నిర్మాణం వేరు: వెబ్ పత్రాల్లో స్టైల్‌షీట్ల పాత్ర

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం సోవియట్ యూనియన్ సహకారంతో ఏర్పడింది. దాని తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అనేకం అక్కడే స్థిరపడ్డాయి. ఇటువంటి ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగ, టెండర్ ప్రకటనలను నేడు వెబ్‌సైట్లలోనే చూసుకోవాలి. చూపులేని అభ్యర్థి వాటిని స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో వింటాడు. ఆ సమాచారం అతనికి సక్రమంగా అందడం పత్రాన్ని రూపొందించిన తీరుపై ఆధారపడి ఉంటుంది.

రెండు పనులు, రెండు భాషలు

ఏది శీర్షిక, ఏది పేరా, ఏది జాబితా, పట్టికలో ఏ గడి దేనికి సంబంధించినది అని తెలిపేది నిర్మాణం. దీనిని హెచ్‌టీఎంఎల్ గుర్తులతో సూచిస్తారు. అక్షరాల పరిమాణం, రంగు, వరుసల మధ్య ఎడం రూపానికి చెందినవి. వీటిని సీఎస్ఎస్ అనే స్టైల్‌షీట్‌లో విడిగా రాస్తారు.

ఉద్యోగ ప్రకటనలో ‘అర్హతలు’ అనే మాటను పెద్ద అక్షరాలతో మాత్రమే చూపితే కంటికి అది శీర్షికే. స్క్రీన్ రీడర్‌కు సాధారణ వాక్యం. అప్పుడు గడువు తేదీ తెలియాలంటే అభ్యర్థి పత్రాన్ని మొదటి నుంచి వినవలసి వస్తుంది. శీర్షికలను శీర్షికలుగానే గుర్తిస్తే ఒక మీట నొక్కుతూ నేరుగా ఆ భాగానికి చేరుకోగలడు.

పత్రంలోని ఏ భాగం ఏ భాషలో ఉందో సూచించడమూ నిర్మాణంలో భాగమే. దాని ఆధారంగా హిందీ భాగాన్ని హిందీ గొంతుతో, తెలుగు భాగాన్ని తెలుగు గొంతుతో చదివించవచ్చు. తెలుగు ఒత్తులు కింది వరుసకు తగలకుండా తెలుగు భాగానికి మాత్రమే ఎక్కువ ఎడం ఇవ్వవచ్చు.

చరిత్ర, నిబంధనలు

తొలినాళ్లలో రంగులు, ఫాంట్ల ఆదేశాలను ప్రతి పేజీలోనూ సమాచారంతో కలిపి రాసేవారు. 1994 అక్టోబరులో హోకున్ వియుమ్ లీ స్టైల్‌షీట్ల ప్రతిపాదన చేశారు. ఆయన, బెర్ట్ బోస్ రూపొందించిన తొలి సీఎస్ఎస్ ప్రమాణాన్ని 1996 డిసెంబరు 17న వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించింది. దీంతో ఒక్క ఫైలు మార్చి మొత్తం వెబ్‌సైట్ రూపాన్ని మార్చడం సాధ్యమైంది.

స్టైల్‌షీట్లు పనిచేయకపోయినా పేజీ చదవదగినదిగా ఉండాలని 2009లో వెలువడిన భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు సూచించాయి. ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం దివ్యాంగులకు అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

పరీక్షించే విధానం

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ‘వ్యూ’ మెనూలోని ‘పేజ్ స్టైల్’లో ‘నో స్టైల్’ ఎంచుకుంటే అలంకరణ తొలగిపోతుంది. అప్పుడు కూడా శీర్షికలు, వివరాలు సరైన క్రమంలో కనిపిస్తే నిర్మాణం చాలావరకు సక్రమంగా ఉన్నట్లే. కాగితాన్ని స్కాన్ చేసి బొమ్మగా ఉంచిన ప్రకటనకు మాత్రం ఏ స్టైల్‌షీటూ ఉపకరించదు. అందులో స్క్రీన్ రీడర్ నేరుగా చదవగల అక్షరాలే ఉండవు.