ఖాతా పుస్తకం, డిమాండ్ ఉత్తరం

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా గజపతినగరంలో కిరాణా కొట్టు నుంచి తెచ్చిన సంచీలో లెక్కలో లేని సబ్బు ఒకటి బయటపడింది. "ఏటిరా ఇది? బేగెల్లి ఇచ్చీసి రా" అని మామ్మ తరిమింది. షావుకారు నవ్వి, "ఉంచీరా, మీ నాన్న ఖాతాలో రాసీసినాను" అన్నాడు. కేసు అక్కడితో కొట్టేశారు.

ఇరవై ఏళ్ళ తర్వాత, అమెరికాలో నా రూమ్మేట్ సెల్ఫ్ చెకౌట్ దగ్గర బండి కింది అరలో ఉన్న బియ్యం బస్తా స్కాన్ చెయ్యడం మర్చిపోయాడు. గుమ్మం దగ్గర ఆపి, బస్తా తీసుకుని, ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశారు. మూడు వారాలకి ఒక లా ఆఫీసు నుంచి ఉత్తరం: రెండొందల డాలర్లు కట్టాలి. బస్తా వాళ్ళ దగ్గరే ఉంది, పోలీసు కేసు లేదు. మరి ఈ డబ్బు దేనికి? వాడికి ఆ ప్రశ్న తట్టలేదు, వీసా పోతుందన్న భయం తప్ప. నాకూ ఆ రోజు తట్టలేదు. "కట్టెయ్యరా, పీడా పోద్ది" అన్నాను.

తర్వాత చదివాను. మన శిక్షాస్మృతికి మొదటి ముసాయిదా మెకాలే నాయకత్వంలో 1837లో తయారైంది. అది 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకొచ్చింది. అందులో 378వ సెక్షన్ ప్రకారం వస్తువు చేతులు మారినంత మాత్రాన దొంగతనం కాదు, దురుద్దేశం ఉండాలి. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చిన్న చిన్న కథల్లా ఉంటాయి. ఒకదాంట్లో ఒకాయన స్నేహితుడు లేని సమయంలో అతని లైబ్రరీలోంచి, చదివి తిరిగిచ్చేద్దామని పుస్తకం పట్టుకెళ్తాడు. స్నేహితుడు కాదనడని అతను నమ్మితే అది దొంగతనం కాదు. ఇంకో కథలో పొరపాటున తనదే అనుకుని ఇంకొకరి వస్తువు తీసుకున్నవాడు కూడా దొంగ కాదు.

2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, 303వ సెక్షన్లో ఆ నిర్వచనం అలాగే ఉంది. కొత్తగా చేరింది ఒకటుంది: సొత్తు విలువ ఐదు వేల లోపైతే, మొదటిసారి దోషిగా తేలినవాడు దాన్ని తిరిగిచ్చేస్తే, శిక్ష సమాజ సేవ.

అమెరికా కథ వేరే దారిలో నడిచింది. చిన్న దొంగతనాల మీద ప్రాసిక్యూటర్లకి తీరిక ఉండదు, దావా వేస్తే దుకాణానికి ఖర్చు ఎక్కువ. అందుకని రాష్ట్రాలు సివిల్ రికవరీ చట్టాలు తెచ్చాయి. కాలిఫోర్నియా పీనల్ కోడ్ 490.5 ప్రకారం వయోజనుల నుంచి 50 నుంచి 500 డాలర్ల దాకా, పైగా ఖర్చులు అడగొచ్చు. ఇలాంటి చట్టాల నీడలో ఉత్తరాలు పంపడమే ఒక వ్యాపారమైంది. కాలిఫోర్నియా చట్టంలో కూడా అక్రమంగా తీసుకోవడం అన్న షరతు ఉంది. కోర్టుకెళ్తే దాన్ని నిరూపించాల్సింది దుకాణమే. కానీ ఉత్తరం దేన్నీ నిరూపించక్కర్లేదు, భయపెడితే చాలు. అది తీర్పు కాదు. కట్టకపోవడం నేరం కాదు, కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు రాదన్న హామీ లేదు.

కోర్టుల దాకా వెళ్ళిన చోట ఈ భయం కొంత తేలిపోయింది. 2012లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో ఒక దుకాణం ఇద్దరు టీనేజి అమ్మాయిల మీద చెరో 137.50 పౌండ్లకి దావా వేసి ఓడిపోయింది. వాళ్ళు నిజంగానే దొంగిలించారు. అయినా సెక్యూరిటీ వాళ్ళు జీతం తీసుకునే పనే చేశారు కాబట్టి అదనపు నష్టం లేదన్నారు జడ్జి. 2017లో శాన్ ఫ్రాన్సిస్కో కోర్టు, డబ్బు కట్టి క్లాసు తీసుకుంటావా, పోలీసుల్ని పిలవమంటావా అనే ఒక కంపెనీ పద్ధతిని బెదిరింపు వసూలుగా తేల్చింది.

మనవాళ్ళ భయానికి అర్థం లేకపోలేదు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినుల అరెస్టు వార్త వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. 2025 జులైలో, దొంగతనాలకి పాల్పడితే వీసా రద్దు కావొచ్చని అమెరికా ఎంబసీయే హెచ్చరించింది. అందుకే ఉద్దేశం లేని మరుపుకి, ఉద్దేశం ఉన్న దొంగతనానికి మధ్య గీత చెరిగిపోకూడదు.

మా షావుకారు మంచితనం గురించి చాలాసార్లు గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఒక అనుమానం. ఆ నవ్వు నాకోసం కాదు, ఖాతాలో ఉన్న నాన్న పేరు కోసం. ఖాతా లేని వలస కూలీ కొడుకు సంచీలో అదే సబ్బు దొరికితే? తెలిసినవాళ్ళకి షావుకారు ఇచ్చే నమ్మకాన్ని, తెలియనివాళ్ళకీ ఇవ్వమంటుంది ఆ సెక్షన్లోని 'దురుద్దేశం' అన్న ఒక్క మాట. ఆ రోజు నా రూమ్మేట్‌కి ఆ మాట చెప్పాల్సింది. నేను కట్టెయ్యమన్నాను.